గుడి పైఅంతస్తులో మగ్గం

నాకు కోపం ఎక్కువని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాడు. గుడి కమిటీవాళ్ళకు ఆ సంగతి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక మాత్రం దాన్ని పనిలో పెట్టుకున్నారు. మున్సిపాలిటీ ఆఫీసులో ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే చాలు, "మేడమ్‌ను తోలుండ్రి, ఆమె అయితె గట్టిగ అడుగుతది" అనేవారు. నేను బ్యాంకు ఉద్యోగం మీద సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయినదాన్ని. గుజరాతీ మాట్లాడతాను, ఆఫీసులన్నా ఫైళ్ళన్నా బెదురు లేదు. నిజానికి ఆ గుడి మావాళ్ళది కాదు. మాది కృష్ణా జిల్లా. అది తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలీలు జీతాల్లోంచి కొంత కొంత తీసి కట్టుకున్న మార్కండేయస్వామి గుడి. మా ఇంటికి దగ్గరలో నాలుగు తెలుగు మాటలు చెవినపడే చోటు అదొక్కటే కాబట్టి వెళ్ళేదాన్ని. వెళ్ళగా వెళ్ళగా వాళ్ళలో ఒకదాన్నయిపోయాను.

ఇక్కడ ఇంటి పన్నును వేరా అంటారు. గుడికి వేరా లేదు, మసీదుకూ లేదు, చర్చికీ లేదు. అయితే మాఫీ పూజ జరిగే చోటుకే. అదే కట్టడంలో దుకాణం పెట్టినా, గది అద్దెకిచ్చినా, ఏదైనా పని నడిపినా ఆ మేరకు టేపు పెట్టి కొలిచి పన్ను వేస్తారు. రూలు న్యాయమైనదే, కాదనను. దేవుడి పేరు చెప్పి కింద గర్భగుడి, పైన మొబైల్ షాపు పెట్టుకున్న మహానుభావులను నా కళ్ళతో చూశాను.

మా గుడికి కింది భాగం ఎప్పటినుంచో మాఫీలోనే ఉంది. కరోనాకు ముందటి ఏడాది, గుడి పైన ఒక హాలు వేశారు. దానికి విడిగా బిల్లు వచ్చింది. అది కూడా గుడిలో భాగమే, మాఫీ చెయ్యండి అని దరఖాస్తు పెట్టించాను. వచ్చి చూస్తామన్నారు. ఈలోగా లాక్‌డౌన్ వచ్చి లోకమంతా తలుపులు వేసుకుంది, మా ఫైలు కూడా ఎక్కడో ముడుచుకుని పడుకుంది.

ఆ హాల్లో ఉన్నదల్లా ఒక మగ్గం. కర్రతో చేసిన పాతకాలపు చేతిమగ్గం, ఊరినుంచి లారీలో తెప్పించారు. శ్రావణ పౌర్ణమినాడు పొద్దున్నే స్నానాలు చేసి, దానిమీద స్వామికి బట్ట నేసి, సాయంత్రానికల్లా తీసుకెళ్ళి కడతారు. వాళ్ళకు అదే పెద్ద పండుగ. ఏడాదంతా మిల్లుల్లో మిషన్లు నడిపేవాళ్ళు ఆ ఒక్కరోజు నేతగాళ్ళవుతారు. చేతిమగ్గం నేయడం నిజంగా తెలిసినవాళ్ళు వాళ్ళలో మిగిలింది ఇద్దరో ముగ్గురో. వాళ్ళలో పెద్దాయన ఒకడు. పేరు వద్దు, అందరూ పెద్దాయన అనే అనేవారు. ఊరి చివర సచిన్ అనే మిల్లుల పేటలో ఏళ్ళ తరబడి పవర్‌లూమ్‌ల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినపడదని ఆయన నమ్మకం. రహస్యం చెప్పినా వీధి చివరిదాకా వినిపించేది. నన్ను బిడ్డా అనేవాడు, నేను బాబాయ్ అనేదాన్ని.

రెండో వేవ్‌లో ఆయన భార్య పోయింది. ఆ రోజుల సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో చేర్చినప్పుడు చూడటమే, మళ్ళీ చూపించలేదు. ముత్తైదువుగా పోయిన మనిషికి కొత్త చీర కట్టి పసుపు కుంకుమలతో సాగనంపడం వాళ్ళ పద్ధతి, మా పద్ధతీ అదే. పెద్దాయన కొత్త చీర చంకలో పెట్టుకుని శ్మశానం గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె ప్లాస్టిక్ సంచిలో వచ్చింది. పీపీఈ కిట్టు వేసుకున్న మనిషి, పాపం అతనూ మంచివాడే, "కాకా, సంచి విప్పకూడదు" అని చెప్పి, చీర తీసుకుని సంచి మీద పరిచాడు. ఆ చీర కూడా మిషను మీద తయారైన పాలిస్టరు. పరిస్తే నిలవలేదు, జారిపోయిందట. పెద్దాయన ఆ మాటే పదేపదే చెప్పేవాడు.

"జిందగీ అంత బట్టతోనే పాయె బిడ్డా. మంది పెండ్లాలకు నేసిన. నా పెండ్లానికి మీద ఒక పోగు నిలువలె."

వానాకాలం వెళ్ళాక ఒకరోజు గుడికి పోతే పైనుంచి టకటకమని చప్పుడు. పెద్దాయన మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. పసుపు రంగు నూలు, ఎర్ర అంచు. ఏం చేస్తున్నావు బాబాయ్ అంటే, చైత్రంలో ఆమె ఏడాది పెట్టే రోజుకు చీర నేస్తున్నానన్నాడు. సంవత్సరీకం నాడు ఆ చీర ఫొటో ముందు పెట్టి, ఆమెకు కట్టినట్టే అనుకుని, కోడలికి ఇస్తాడట. ఎవ్వరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. నూలు కండెలకు చుట్టడం వరకు మా ఆడవాళ్ళకు వదిలాడు, నేత మాత్రం తన చేతులదే. కళ్ళు సరిగా కనిపించవు, మోకాళ్ళు లేవవు. రోజుకు బెత్తెడు నేస్తే గొప్ప. ఒక్కోరోజు తప్పు పోయిందని నేసిందంతా విప్పేవాడు. అయినా చైత్రానికి అయిపోతుందనే లెక్కలో ఉన్నాడు. కమిటీ కూడా చూసీ చూడనట్టు ఊరుకుంది. గుడిలో మగ్గం ఊరికే ఉండేకంటే నడవడమే వాళ్ళకు శుభం.

సరిగ్గా అప్పుడే ఫైలు నిద్రలేచింది. దీపావళి సెలవులు అయ్యాక వార్డు ఇన్‌స్పెక్టర్ టేపు పట్టుకుని వచ్చాడు. నాకు ముందుగా కబురు లేదు, నేను బ్యాంకులో ఉన్నాను. గుడి అధ్యక్షుడే దగ్గరుండి చూపించాడు. ఆయన కడోదరాలో ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో మాస్టర్, యాభై మిషన్లకు పెద్ద దిక్కు. మాటకారి, మంచివాడు, కానీ ఎక్కడ నోరు మూసుకోవాలో దేవుడు చెప్పి పంపలేదు. ఇన్‌స్పెక్టర్ హాలు కొలిచి, మగ్గం వైపు చూసి, "ఇది చాలూ ఉందా, నడుస్తోందా?" అని అడిగాడు.

మాస్టర్ ఛాతీ విరుచుకుని చెప్పాడట. "బరాబర్ చాలూ ఉంది సాబ్! రోజూ నడుస్తది. ఒక్కదినం బంద్ లేదు!"

అంతే. ఇన్‌స్పెక్టర్ రాసుకుని వెళ్ళిపోయాడు. మాస్టర్ సాయంత్రం నాకు ఫోన్ చేసి, సాబ్ మస్తు ఖుషీ అయిండు మేడమ్, అని చెప్పాడు. వారం తిరక్కుండా కాగితం వచ్చింది. పై హాల్లో రోజువారీ మగ్గం పని నడుస్తోంది గనుక మాఫీ కుదరదు, కార్ఖానా లెక్కన పన్ను వేస్తాం అని.

"మీకేమైనా మతి ఉందా అధ్యక్షుడు గారూ?" అన్నాను. "ఇది పండుగకు వాడే మగ్గం సాబ్ అని ఒక్కమాట అంటే నోటి ముత్యాలు రాలిపోయేవా?"

మాస్టర్ తల గోక్కున్నాడు. "మగ్గం నడుస్తుందా అని అడిగితె, నడుస్తలేదని ఎట్ల అంట మేడమ్? నేతగానితోని గా మాట అనిపిస్తరా? లాక్‌డౌన్ల మిషన్లన్ని బందయి ఎంత గోస పడ్డమో మీకెర్క లేదా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అయినా ఆయన అన్నది నిజమే. సూరత్‌లో నేతగాడి ఇంట్లో ఎవరైనా జబ్బు పడినా అంత బెంగ పెట్టుకోరు, మగ్గం ఆగిందంటే ఇంటిల్లిపాదీ ముఖాలు వాడిపోతాయి. ఆగిపోయిన మగ్గాన్ని కూడా "రేపు నడుస్తది" అంటారే తప్ప ఆగిందని అనరు. ఇన్‌స్పెక్టర్ అడిగిన ప్రశ్న వేరు, వీళ్ళు విన్న ప్రశ్న వేరు. ప్రపంచంలో మరే గుడి అధ్యక్షుడూ ఆ జవాబు చెప్పి ఉండడు.

జోన్ ఆఫీసుకు వెళ్ళాను. ఇన్‌స్పెక్టర్ మాస్కు గడ్డం కిందికి లాక్కుని టీ తాగుతున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మాలో సామెత ఉందండీ, అని గుజరాతీలో అర్థం చెప్పి మరీ దులిపాను. అతను టీ పూర్తి చేసి, నెమ్మదిగా, "మేడమ్, వాళ్ళు చెప్పిందే రాశాను. రోజూ మగ్గం నడిచే చోటును పూజాస్థలం అని రాస్తే రేపు నా పైవాడు నన్ను అడుగుతాడు. ఈ ఊళ్ళో ప్రతి కార్ఖానావాడూ ఒక మూల గణపతిని పెట్టుకుని మాఫీ అడగడా?" అన్నాడు. అతను చెప్పిందీ న్యాయమే. అందుకే నాకు ఇంకా మండింది.

అయినా అతనే దారి చెప్పాడు. ఆ మగ్గం మీద నేసేది దేవుడి బట్ట మాత్రమే అయితే, అది పూజాసామగ్రి కిందికి వస్తుందట. మళ్ళీ వచ్చి, నేసే మనిషిని అడిగి, అతను అలా చెబితే అలాగే రాస్తానన్నాడు. మార్చి ఆఖరులోగా తేలకపోతే మాత్రం బిల్లు ఖాయమైపోతుందన్నాడు.

ఆ ఆదివారం కమిటీ కూర్చుంది. కరోనా దెబ్బకు సగం మంది ఊళ్ళకు పోయి తిరిగి రాలేదు, ఉన్నవాళ్ళ జీతాలు సగమయ్యాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇప్పుడీ పన్ను. వాళ్ళను తప్పుపట్టలేను. మగ్గం తీసేస్తే పోయె కదా అన్నారు కొందరు. తీసి ఎక్కడ పెడతారు? పెద్దాయన ఉండేది ఒక్క గది, అందులో కొడుకూ కోడలూ పిల్లలూ. మా ఇంట్లో పెడదామని నేను హాలు కొలిచి చూశాను. మగ్గం పడుతుంది, పడుగు చాచడానికి చోటు లేదు. పైగా ఒకసారి దించితే పోగులు చిక్కుపడతాయి, ఆ కళ్ళతో మళ్ళీ అతికించడం ఆయన వల్ల కాదు. మగ్గం దిగితే ఆ చీర ఇక లేనట్టే. అది అక్కడున్న అందరికీ తెలుసు. అందుకే చివరికి మాస్టర్ కూడా, "సాబ్ అడిగితె దేవుని బట్ట అని ఒక్కమాట చెప్తె అయిపాయె గదా" అన్నాడు.

పెద్దాయనకు ఆ ఒక్కమాట నేర్పడం నా వంతయింది. చెవి దగ్గర నోరుపెట్టి అరిచాను. ఆయన తలూపాడు. ఊపాడు కాబట్టి సరేననుకున్నాను. వినపడని మనిషి మర్యాదకు కూడా తలూపుతాడని నాకు తట్టలేదు.

ఇన్‌స్పెక్టర్ మార్చిలో వచ్చాడు. ఈసారి నేను సెలవు పెట్టి కాచుకుని ఉన్నాను. మాస్టర్‌ను నోరు తెరవొద్దని ముందే బెదిరించాను, పాపం పెదవులు బిగించి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ మగ్గం దగ్గరికి వెళ్ళి చీర అంచు చూశాడు. ముచ్చటపడ్డాడు కూడా. తర్వాత హిందీలో గట్టిగా అడిగాడు. "కాకా, ఈ బట్ట ఎవరికి?"

పెద్దాయన నావైపు చూశాడు. నేను కళ్ళతోనే కింద గర్భగుడి వైపు చూపించాను. ఆయన చీర మీద చెయ్యి వేశాడు.

"నా పెండ్లానికి సాబ్."

మాస్టర్ ఆగలేకపోయాడు. "కాదు సాబ్, దేవునికి! ముసలాయనకు చెవుడు, మీరు అడిగింది సమఝ్ కాలే."

"మంచిగనే సమఝ్ అయింది," అన్నాడు పెద్దాయన, మొత్తం వీధికి వినపడేట్టు. "మీరంత నాకు ఏం చెప్పిన్రో గది గూడ సమఝ్ అయింది. గుళ్ళ నిలబడి, ఆమె చీర మీద చెయ్యి పెట్టి అబద్ధం ఎట్ల ఆడాలె? చచ్చినప్పుడు పెండ్లానికి చీర కట్టలె సాబ్. సంచిల పోయింది. గందుకే నేస్తున్న."

హిందీ, తెలుగు కలిపి చెప్పిన ఆ మాటలు ఇన్‌స్పెక్టర్‌కు బాగానే అర్థమయ్యాయి. కాగితం మీదికి తెచ్చిన పెన్ను వెనక్కి తీశాడు. అయ్యా, చనిపోయినవాళ్ళ కోసం చేసేది పూజ కాదా, అని అడిగాను. గొంతు నేననుకున్నదానికంటే పైకి లేచింది. మా కోసం ఒక్క వాక్యం రాయలేరా, మీ ఇంట్లో ఎవరూ పోలేదా, అని కూడా అన్నాను. ఆ చివరి మాట అనకూడనిదేమో, అయినా అనాల్సిందే అని ఇప్పటికీ అనుకుంటాను.

అతను కోప్పడలేదు. "దేవుడికి అని చెప్పి ఉంటే రాసేవాణ్ణి మేడమ్. ఇప్పుడు విన్నాక ఎలా రాయను?" అన్నాడు. పెన్ను జేబులో పెట్టుకుని, "ఈరోజు నేను రాలేదనుకోండి. నెలాఖరున వస్తాను. ఆరోజు ఏం కనిపిస్తే అది రాస్తాను. మగ్గం ఉంటే ఉందని, లేకపోతే లేదని," అని చెప్పి మెట్లు దిగిపోయాడు.

ఇక అందరూ పెద్దాయన మీద పడ్డారు. ఒక్క అబద్ధం, దేవుడి కోసం, ఆడితే ఏం పోయేది అని. నేనూ ఊరుకోలేదు. "హరిశ్చంద్రుడివి నువ్వే దొరికావా బాబాయ్ మాకు?" అని అరిచాను. ఆయన అన్నీ విన్నాడో లేదో, వెళ్ళి మగ్గం మీద కూర్చున్నాడు.

ఆ మిగిలిన రోజులు అందరం చీర పనిలోనే పడ్డాం. ఆడవాళ్ళం వంతులవారీగా కండెలు చుట్టి పెట్టాం. మాస్టర్ కార్ఖానా నుంచి పెద్ద లైటు తెచ్చి మగ్గం మీద వేలాడదీశాడు. ఆ పని చేయమని ఎవరూ చెప్పలేదు. పెద్దాయన మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకపోతే కోడలు ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. వేళ్ళు వాచి, అడ్డపోగు విసిరే నాడె పట్టుకోలేక జారవిడిచేవాడు. నేను పక్కన కూర్చుని లోలోపల దేవుణ్ణి తిట్టుకునేదాన్ని. నీకు పన్ను మాఫీ కావాలి, ఈయనకు ఒక చీర కావాలి, రెండూ ఇవ్వడానికి నీకేం రోగం, అని.

నెలాఖరుకు ముందురోజుకు కూడా చీర పూర్తికాలేదు. కొంగు ముందే నేసేశాడు, ఒళ్ళు కూడా చాలావరకు వచ్చింది. నడుం దగ్గర లోపలికి దోపుకునే కొస మిగిలిపోయింది, రెండు మూరల దాకా. ఈ ఏడాది పన్ను కట్టేద్దాం, నేను కొంత వేస్తాను, మీరు కొంత వేయండి అన్నాను. మాస్టర్ కూడా తలూపాడు. కోడలు ఈ సంగతి చెవిలో చెబితే విని పెద్దాయన మగ్గం దిగాడు.

"దేవుని నెత్తి మీద పన్ను పెట్టి నా ముసలిదానికి చీర కడ్తనా? వద్దు బిడ్డా. ఒక్క ఏడాది కార్ఖానా అని రాసుకుంటె మల్ల గుడి అని ఎన్నడు రాస్తరు?"

నిజమే. ఒకసారి పడిన ముద్ర చెరపడానికి ఎన్నేళ్ళు తిరగాలో బ్యాంకులో పనిచేసిన నాకు తెలియనిది కాదు. అయినా ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకు నచ్చలేదు. కత్తెర తెమ్మన్నాడు. కోడలు తేలేదు, అటు తిరిగి నిలబడింది. మాస్టర్ తేలేదు. చివరికి ఆయనే కింద పూల సజ్జలో ఉన్నది తెచ్చుకుని, పడుగుకు దండం పెట్టి, పోగులు కోశాడు. తర్వాత మేకులు పీకి, కర్రలు విడదీసి, మగ్గం ఎలా పట్టుకుని దింపాలో మాకు చెప్పాడు. ఆ రోజంతా ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేశాను. మా ఆయన కూడా జాగ్రత్తగా ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ చెప్పినట్టే వచ్చాడు. ఖాళీ హాలు చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. పై అంతస్తు మొత్తం పూజాస్థలంగా మాఫీ అయింది. అందరూ నాకు కృతజ్ఞతలు చెప్పి కొబ్బరికాయ కొట్టారు. నా వాటా కొబ్బరి చిప్ప పెద్దాయన కోడలి చేతిలో పెట్టి వచ్చేశాను.

చైత్రంలో సంవత్సరీకానికి మమ్మల్ని పిలిచారు. ఒక్క గదిలో పదిమందిమి ఒకరి మోకాళ్ళకు ఒకరం తగులుతూ కూర్చున్నాం. మాస్టర్ డ్యూటీ మానుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పీట మీద ఫొటో, పసుపు, కుంకుమ, గాజులు, మధ్యలో పసుపు చీర. కొస పోగులు విడిపోకుండా పెద్దాయన వాటిని చిన్న చిన్న ముళ్ళు వేశాడు. ఆ ముళ్ళు చూసేసరికి నాకు ఉండబట్టలేదు. ఆయన చెవి దగ్గరికి వంగి, "రెండు మూరలు తక్కువైందని మనసులో పెట్టుకోకు బాబాయ్," అన్నాను.

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు.

"తక్కువేంది బిడ్డా? బక్క పానం ఆమెది. బజార్ల చీర ఏది తెచ్చినా, ఇన్ని కుచ్చిళ్ళు నా నడుం మీద ఏడ పెట్టుకోవాలెనయ్యా అని నన్నే తిట్టేది. గిది ఆమెకు సరిగ్గ సరిపోతది."

అని మడత విప్పి, కొంగు పైకి కనిపించేట్టు మళ్ళీ మడిచి, ఫొటో దగ్గరగా జరిపాడు. గదిలో ముందుగా ఏడ్చింది మాస్టరే.